వెనక వరుస దాకా ఇంగ్లీషు

మహారాష్ట్ర కొసన, గోదావరి ఒడ్డున ఉన్న మా సిరొంచలో ఇప్పుడు గోడ కాస్త ఖాళీగా కనిపిస్తే చాలు, ఇంగ్లీషు నేర్పుతామని ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. గ్రామర్ అక్కర్లేదు, నేరుగా మాట్లాడటమే అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. గ్రామర్ అక్కర్లేదట. వంట అక్కర్లేదు, నేరుగా తినడమే అన్నట్టుంది. ఆ ఫ్లెక్సీ మీద టై కట్టుకున్న కుర్రవాడొకడు చూసేవాళ్ల వైపు వేలు చూపిస్తుంటాడు. కూరగాయలకు పోయినప్పుడల్లా అతన్ని మనసులో ఒక మాట అనుకోనిదే నాకు ముందుకు అడుగు పడదు.

నాకు ఎవరూ వేలు చూపించి నేర్పలేదు. చిన్నతనంలోనే బడి మానేసి మందుల దుకాణంలో పనికి చేరాను. అది మా ఊళ్లో తరతరాలుగా ఉంటున్న ముస్లిం కుటుంబానిది. సేటు ఇంట్లో ఉర్దూ, గల్లా దగ్గర తెలుగు, సర్కారు మనుషులతో మరాఠీ మాట్లాడేవాడు. మందుల పెట్టెలు మాత్రం ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడేవి కావు. ప్రతి పెట్టెలో ఒక పలుచని కాగితం, మడతల మీద మడతలు పెట్టి ఉండేది. కొన్నవాళ్లు దాన్ని మెట్ల మీదే పారేసి పోయేవారు. నేను ఏరుకున్నాను. అదే నా మొదటి వాచకం. అర్థాలు సేటు కొన్ని చెప్పాడు, డాక్టరుగారి కాంపౌండరు కొన్ని చెప్పాడు, కొన్ని ఇద్దరూ తప్పే చెప్పారు.

తర్వాత ఎవరో అమ్మేసిన పాత గ్రామర్ గైడు ఒకటి చేతికొచ్చింది. అది మరాఠీలో ఇంగ్లీషు నేర్పే గైడు. మా వైపు ఇంకే రకమూ దొరకదు. కర్త లేని వాక్యం ఉండదు అని అందులో మొదటి పేజీలోనే ఉంది. నా మందు కాగితాల్లో ఒక్క వాక్యానికీ కర్త లేడు. చల్లని చోట ఉంచవలెను. పిల్లలకు అందకుండా పెట్టవలెను. ఎవరు ఉంచాలి, ఎవరు పెట్టాలి? ఇంగ్లీషంటే ఎవరో కనబడని పెద్దమనిషి ఊరందరికీ హుకుం వేసే భాష అని చాలా ఏళ్లు అనుకున్నాను. అది పూర్తిగా తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు.

తెలుగు చదవడం కూడా నాకు బడిలో రాలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, తిట్టుకుంటే తెలుగు. బడి మాత్రం మరాఠీ. గోదావరి అవతలి నుంచి వచ్చిన పాత పేపర్లలో కిరాణా వాళ్లు పప్పులు కట్టిచ్చేవారు. ఆ పొట్లాలు విప్పి అక్షరాలు నేర్చుకున్నాను. మా తాలూకాలో నా ఈడువాళ్లలో చాలామంది నోటినిండా తెలుగు మాట్లాడి, సంతకం మరాఠీలో పెడతారు. ఇది వింతని ఎవరికీ తోచదు. నాకు తోస్తుంది, అదే నా తిప్పలు.

ఇక బడిలో ఇంగ్లీషు ఎలా చెప్పేవారో చెప్పాలి, ఎందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది. మాస్తర్లు చంద్రపూర్ నుంచో నాగ్‌పూర్ నుంచో వచ్చేవారు. వాళ్లకు తెలుగు రాదు, పిల్లలకు మరాఠీ అంతంత మాత్రం. అందుకని ఒక పద్ధతి దానంతటదే పుట్టింది. ఏ సర్కారూ దాన్ని రాసిపెట్టలేదు. మాస్తరు సూత్రం మరాఠీలో, ఉదాహరణ ఇంగ్లీషులో చెప్పి ఆగిపోతారు. ముందు వరుసలో కొద్దిగా మరాఠీ వచ్చిన పిల్లలు కూర్చుంటారు. వాళ్లు వెనక్కి తిరిగి రెండో వరుసకు తెలుగులో చెబుతారు. రెండో వరుస మూడో వరుసకు చెబుతుంది. జిమల్‌గట్ట లాంటి అడవి ఊళ్లలో చివరి వరుసకు అది గోండిలోకి దిగుతుంది. అంతసేపూ మాస్తరు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడతారు. చివరి వరుస తల ఊపాక రెండో వాక్యం మొదలవుతుంది. పాఠం దారిలో కొంచెం మారేది, కొంచెం కారిపోయేది. కాని చేరేది.

దుకాణం పని మానుకున్నాక సాయంత్రాలు మా వరండాలో నేను ఇంగ్లీషు చెబుతున్నాను. నా పద్ధతీ అదే. నాకు తెలుగు వచ్చు, పిల్లలకు తెలుగు వచ్చు, మరి ఈ తిరగడం ఎందుకని టై కుర్రవాడి మనిషి ఒకడు నన్ను అడిగాడు. వెనక్కి తిరిగి ఇంకొకరికి చెప్పినవాడికే సూత్రం ఒంటబడుతుంది కనుక. ఈ మాట అతనికి చెప్పలేదు. చెబితే దానికీ ఫ్లెక్సీ కొట్టిస్తాడు.

రెండేళ్ల కిందట ఒక కోడలు పిల్ల నా వరండాకు వచ్చింది. పుట్టిల్లు జిమల్‌గట్ట, మెట్టినిల్లు అంకిస. గోదావరి ఒడ్డున వరి పండించే కుటుంబం. డిగ్రీ దాకా మరాఠీలో చదివింది. పొలం పని అయ్యాక భర్త బండి మీద తెచ్చి దింపేవాడు. పదో తరగతి పిల్లల మధ్య కూర్చునేది. ఇంగ్లీషు ఎందుకని మొదటిరోజే అడిగాను. అందరూ చెప్పే జవాబులు నాకు కంఠతా వచ్చు. ఆమె చెప్పింది వేరు.

"బోర్డు కాడ నిలబడి ఇంగ్లీషు చెప్పాలె తాతా. మా బళ్లె నేను ఆఖరు వరుసల కూసున్నదాన్ని. ప్రతి పాఠం నాకు నలుగురి నోట్ల నాని, ఎంగిలై అచ్చేది. ఒక్కసారన్న నా నోటికెల్లి ముందుగాల రావాలె."

ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టాను. వెనక్కి తిరిగి ఆమె చెప్పడం మొదలుపెడితే వెనక వరుసలో గుసగుసలు ఆగిపోయేవి. నేను చెప్పినదానికంటే ఆమె చెప్పింది పొట్టిగా ఉండేది. నాకది అంతగా నచ్చేది కాదు, కాని పిల్లలకు నచ్చేది.

రెండో ఎండాకాలం ఆమె అత్త స్వయంగా వచ్చింది. వరండా మెట్టు మీద కూర్చుని, పాఠం సగంలో ఉండగానే అడిగింది.

"అన్నా, నీ ఇంగ్లీషు ఎప్పటిదాన్క అయితది?"

ఇంగ్లీషు వరి కాదు చెల్లె, కోతకొచ్చే రోజు చెప్పడానికి, అన్నాను.

"నేను గదే అంటున్న. వరికి రోజున్నది. నాట్లు మొదలైతే నాకు మనిషి గావాలె. అప్పటిదాన్క కొలువు దొరికితే పోనీ, నేనేమన్న. దొరకకుంటే గా పుస్తకం అటుక మీదికే."

ఆ మాటలో అన్యాయం ఉందని నేను ఎంత వెతికినా దొరకలేదు, అందుకే ఇంకా కోపం వచ్చింది. అత్త అరవై దాటిన మనిషి, నడుం వంచి నాట్లు వేస్తున్న మనిషి. అప్పటినుంచి ఆ పిల్ల గ్రామర్ చదవడం ఆకాశం వైపు చూస్తూ చదవడమే అయింది. మబ్బు పట్టినప్పుడల్లా పేజీలు వేగంగా తిరిగేవి.

బడులు తెరవడానికి కాస్త ముందు కబురు తెలిసింది. గోదావరి అవతల, తెలంగాణలో ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు ఇంగ్లీషు టీచరు కావాలట. బడి తెరవగానే ముందు ఒక డెమో క్లాసు పిల్లలకు చెప్పి చూపించాలి. ఆ ఏడాదికి ఆమెకు దొరికే అవకాశం అదొక్కటే. భర్తకు దుక్కి పని ఉంది. కూడా పెద్దమనిషి ఎవరైనా ఉంటే బాగుంటుందని నన్ను అడిగారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాను.

ఆటో వంతెన మీద పోతున్నంతసేపూ ఆమె పాఠం గొణుక్కుంటూనే ఉంది. ఇప్పుడు జరుగుతున్న పనిని ఇంగ్లీషులో ఎలా చెప్పాలన్నది ఆ పాఠం. నేను తింటున్నాను, ఆమె పాడుతున్నది, వాళ్లు ఆడుతున్నారు. మరాఠీ గైడులో దాని పేరు చాలూ వర్తమాన్‌కాళ్. అక్కడ ఆ పేరు ఎత్తొద్దని చెప్పాను. తెలుగు పేరు కూడా ఎత్తొద్దని చెప్పాను, ఎందుకంటే ఆ బడిలో తెలుగు నిషేధమని అప్పటికే విన్నాను. తెలుగు గడ్డ మీద, తెలుగు పిల్లలకు, తెలుగు నిషేధం. మా దగ్గర కనీసం ఇంకో రాష్ట్రమనే సాకు ఉంది.

బడి రెండంతస్తుల మేడ. కింద ఎరువుల దుకాణం, పైన తరగతులు. మెట్ల దగ్గర ఇంగ్లీషులోనే మాట్లాడవలెను అని బోర్డు. బడి యజమానిని అక్కడ కరస్పాండెంట్ అంటారు. నలభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. ఆయనా నేనూ మూడో తరగతి గదిలో వెనక గోడకు ఆనించిన కుర్చీల్లో కూర్చున్నాం. మా ముందు చివరి బెంచీ, దాని ముందు మిగతావి, ఆ చివర నల్లబల్ల దగ్గర ఆమె.

పిల్లలు లేచి పాట పాడినట్టు గుడ్‌మార్నింగ్ చెప్పారు. ఆమె నవ్వి కూర్చోమంది. సూత్రం ఇంగ్లీషులో చెప్పింది, తడబడలేదు. అన్నం కలిపినట్టు చేయి తిప్పుతూ ఐ యామ్ ఈటింగ్ అంది. బల్ల మీద రాసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కరస్పాండెంట్ నా వైపు చూసి తల ఊపాడు. నేను కూడా, ఇందులో మనదేముంది అన్నట్టు, ఊపాను.

అప్పుడు ఆమె చాక్‌పీసు కింద పెట్టి, ముందు బెంచీతో తెలుగులో అంది:

"ఇగ ఎనకకు తిరిగి చెప్పుండ్రి."

అని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

మా వైపు పుట్టినవాళ్లు తప్ప ప్రపంచంలో ఇంకెవరూ చేయలేని తప్పు అది. ఆ పిల్లలకు ఎవరికి చెప్పాలో, ఏం చెప్పాలో తెలియదు. తిరగడం మాత్రం అర్థమైంది. చెప్పిన మాట వినే పిల్లలు. ముందు బెంచీ చేతులు కట్టుకుని వెనక్కి తిరిగి కూర్చుంది. అది చూసి రెండో బెంచీ తిరిగింది. మూడోదీ తిరిగింది. చివరి బెంచీ కూడా తిరిగి, నా ముఖంలోకీ కరస్పాండెంట్ ముఖంలోకీ చూస్తూ కూర్చుంది. ఎవరూ నోరు విప్పలేదు. మాట్లాడకూడదని వాళ్లకు ఎల్కేజీ నుంచి నేర్పారు. గది మొత్తం నల్లబల్లకు వీపు పెట్టి నిశ్శబ్దంగా ఉంది. ఆమె ప్రశాంతంగా కిటికీ బయట ఏదో చూస్తోంది. చివరి వరుస దాకా పాఠం చేరుతోందని ఆమె నమ్మకం.

ఏం చేయాలో తోచక కరస్పాండెంట్ లేచి నిలబడ్డాడు. ఎదురుగా కనిపించాడు కనుక పిల్లలంతా లేచి ఆయనకు గుడ్‌మార్నింగ్ చెప్పారు.

ఆ అరుపుకు ఆమె ఇటు తిరిగింది. వరసగా పిల్లల వీపులు చూసింది, చివర మమ్మల్ని చూసింది. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. పిల్లలను మళ్లీ ముందుకు తిప్పి, ఆమె పాడుతున్నది, వాళ్లు ఆడుతున్నారు కూడా ముగించింది. బాగానే చెప్పింది. కాని గొంతులోంచి ఏదో పోయింది. అది నాకు ఒక్కడికే తెలిసి ఉంటుంది.

ఆఫీసు గదిలో కరస్పాండెంట్ మెత్తగానే మాట్లాడాడు.

"మేడం, మీ ఇంగ్లీషుకు పేరు పెట్టేటిది లేదు. కని పిల్లలు గోడ దిక్కు మొఖం పెడితే పేరెంట్సుకు నేను ఏం చెప్పాలె చెప్పుండ్రి? ఇంగ్లీషుకు వరంగల్ నుంచి ఇంకొకామె ఉన్నది. మీరు మహారాష్ట్రోళ్లు, హిందీ మంచిగ వస్తది గద. మా హిందీ మేడం పెండ్లయి పోయింది. హిందీ తీసుకోండ్రి. సోమవారం నుంచే రండ్రి."

నాకు ఒళ్లు మండింది. ఆమె ఇంగ్లీషుకు వచ్చింది, ఇంగ్లీషుకే పరిశీలించాలి అని ఇంగ్లీషులోనే అన్నాను. నా ఇంగ్లీషు మందు పెట్టె నుంచి వచ్చింది కనుక అది టు బి కన్సిడర్డ్ ఫర్ ఇంగ్లీష్ ఓన్లీ అని బయటపడింది. ఆయన తెలుగులో జవాబిచ్చాడు.

"కూసోండ్రి పెద్దాయనా. చాయ్ తాగుతరా?"

ఒక్క ముక్క తెలుగు మాట్లాడినందుకు ఆమె చేతిలోంచి ఇంగ్లీషు జారిపోయింది. ఆయన ఆ పూటంతా తెలుగే మాట్లాడాడు, ఆయన బడి ఆయనకే ఉంది. చాయ్ మాత్రం బాగుంది. తాగాను, కోపం తాగలేదు.

ఆలోచించి చెబుతామని బయటపడ్డాం. తిరుగు ఆటోలో నేను ఆగలేదు. హిందీ నీకు ఎవరు నేర్పారు? టీవీ నేర్పింది. రెండేళ్లు ఎండనకా వాననకా వచ్చి ఇంగ్లీషు నేర్చుకున్నది ఇందుకేనా? నువ్వు పుట్టిన రాష్ట్రం పేరు చూసి నీకు సబ్జెక్టు ఇస్తాడా? ఆ ఉద్యోగం ఆయన ముఖానే కొట్టి రా అన్నాను. ఆటో అతను కూడా ఒకటి రెండుసార్లు అవునన్నాడు. వంతెన సగం దాటాక ఆమె నోరు తెరిచింది.

"కోపం నీది తాతా. కొలువు నాది. నాట్లు మా అత్తయి. మూడిట్ల ఏది ముందుగాల చూసుకోమంటవు?"

ఆటో అతను ఈసారి ఆమె మాటకు అవునన్నాడు.

అంకిసలో అత్తకు సంగతి చెప్పినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. కోడలికి కొలువు వచ్చింది కాని కోరిన కొలువు కాదని నేను విడమరిచి చెప్పాను. ఆ తేడా అత్తకు పట్టలేదు. హిందీ అయితే ఇంకా మంచిదేనాయె, కష్టముండదు, జర టీవీ చూసినట్టే ఉంటది అంది. ఇచ్చిన మాట మీద మాత్రం నిలబడింది. సోమవారం నాడు కోడలి అన్నం డబ్బా తానే కట్టింది. పొలంలో నారు అప్పుడే పచ్చబడుతోంది.

కొన్ని వారాలు ఆ పిల్ల వరండాకు రాలేదు. నేను కూడా కబురు పెట్టలేదు. సాయంత్రాలు ముందు వరుసలో ఇంకెవరో వెనక్కి తిరిగి చెబుతున్నారు, పొడుగ్గా, సగం తప్పుగా. ఆమె హిందీ చెబుతోందన్నది తలచుకున్నప్పుడల్లా నాకు పాత అన్యాయాలన్నీ వరసకట్టేవి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, సర్కారుకొకటి, బతుకుకు ఇంకొకటి; ఇప్పుడు నేర్చినదొకటి, నేర్పేదొకటి.

నాట్లు జోరుగా పడుతున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున గొడుగేసుకుని వచ్చింది. మనిషి చిక్కింది కాని ముఖం తేటగా ఉంది. హిందీ ఎలా ఉందని ఎత్తిపొడుపుగానే అడిగాను. కూర్చుని మొదటి రోజు నుంచి చెప్పుకొచ్చింది. హిందీలో పాఠం మొదలుపెడితే పిల్లలు బొమ్మల్లా చూశారట. తెలుగులో చెప్పబోతే క్లాసు లీడరు పిల్ల లేచి, మేడం, ఇంగ్లీష్ ఓన్లీ అని గుర్తు చేసిందట. కరస్పాండెంట్‌ను పోయి అడిగితే, రూల్ అంటే రూలే, హిందీ పీరియడ్‌కు కూడా అన్నాడట. అందుకని హిందీని ఇంగ్లీషులో చెబుతోంది.

"పొద్దుగాల నుంచి బడి విడిచేదాన్క నాకు ఇంగ్లీషే తాతా. ఇంగ్లీషు మేడంకు గూడ గింత లేదు. ఆమె పుస్తకం సదివిపిచ్చి కూసుంటది. నేను అన్నీ సొంతంగ చెప్పాలె. మస్తు పరేషాన్ అయితున్న."

పరేషాన్ అన్న మాట ఇంత సంతోషంగా అనడం నేను ఎప్పుడూ వినలేదు. మరి జీతం కాగితం మీద ఇంగ్లీషు టీచరు అని ఉందా అని అడిగాను. లేదు, హిందీ అనే ఉంది అంది. అదిగో, నేననేది అదే అన్నాను. నా మాట పట్టించుకోకుండా అసలు వచ్చిన పని బయటపెట్టింది. హిందీలో కుర్చీ ఆడది. బల్ల ఆడది. ఇల్లు మగవాడు. ఎందుకు మేడం అని మూడో తరగతి పిల్లలు పట్టుకున్నారట. సోమవారం చెబుతానని తప్పించుకుంది.

"ఇంగ్లీషుల ఎట్ల చెప్పాలె?"

ఎందుకో హిందీ వాళ్లకే తెలియదని చెప్పు అన్నాను. అట్ల చెప్తే నా కొలువుంటదా అంది. నేను ఒక పెద్ద వాక్యం కట్టాను, అందులో నాలుగు చోట్ల కామాలు వచ్చాయి. అది తొమ్మిదేళ్ల పిల్లలకు ఎక్కదని కొట్టేసింది. ఇంకొకటి కట్టాను. అదీ కొట్టేసింది. వాన తగ్గింది, మళ్లీ పట్టింది. ఇద్దరం గైడు తిరగేశాం. అందులో కుర్చీ సంగతి ఏమీ లేదు, ఇంగ్లీషు కుర్చీకి ఆడామగా లేదు కనుక.

చివరికి ఆమే, నెమ్మదిగా, వేళ్ల మీద మాటలు పేర్చుకుంటూ అంది:

"పీపుల్ సెడ్ ఇట్. దెయర్ చిల్డ్రన్ హర్డ్ ఇట్. నౌ వి సే ఇట్."

జనం అన్నారు, వాళ్ల పిల్లలు విన్నారు, ఇప్పుడు మనం అంటున్నాం. తప్పులున్నాయా తాతా అని అడిగింది. వెతికాను. కాలం సరిపోయింది, వరస సరిపోయింది, దేనికీ వంక లేదు. కుర్చీ ఆడది ఎందుకయిందో మాత్రం అందులో లేదని అన్నాను. పిల్లలు అది అడగరులే అంది.

వీధిలో భర్త బండి హారన్ మోగింది. ఆమె గొడుగు తీసుకుని లేచింది. ఇంత వానలో బడి లేని రోజు ఎక్కడికని అడిగాను.

"నాట్లకు తాతా. ఆదివారం గద. మా అత్త గట్టు మీద నిలబడి చూస్తాంటది."

బండి వెనక కూర్చుని, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని వెళ్లిపోయింది. మలుపు దాకా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి.